పిండి మర తగ్గిపోయిందని మిక్సీని తిట్టే ముందు గాదెలోకి చూడండి

ప్రతి సంక్రాంతికీ ఊరెళ్ళినప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు, "ఏవండీ, మర ఇంకా నడుస్తోందాండీ, మిక్సీలొచ్చేశాయి, ప్యాకెట్లొచ్చేశాయి, ఇంకెవరొస్తున్నారండీ" అని. మా మీద అభిమానంతోనే అడుగుతారు. కానీ నేను ఇంటర్ చదివే రోజుల్నించీ మర లెక్కల పుస్తకాలు రాస్తున్నాను, మా నాన్న రాసినవీ, తాతగారు పెన్సిల్తో రాసుకున్నవీ కూడా బీరువాలో ఉన్నాయి, ధాన్యం ఎప్పుడు తగ్గిందో పిండి ఎప్పుడు తగ్గిందో ఏది ముందో ఏది వెనకో వాటిల్లో తెలిసిపోతుంది. మిక్సీలు ఇంటింటికీ వచ్చిన రోజుల్లో మా పిండి రాళ్ళకి ఏమీ కాలేదు. పడిపోయింది పక్కనున్న బియ్యం హల్లరు, అంటే ధాన్యం పొట్టు తీసి బియ్యం చేసే మిషను. అది పడిపోయిన చాలా ఏళ్ళకి గానీ పిండి మర కాళ్ళు ఎక్కడ ఆనుకుని ఉండేవో మాకే అర్థం కాలేదు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. మన గోదారి జిల్లాల్లో పిండి మర దానంతటది ఎప్పుడూ బతకలేదు, హల్లరు పక్కన బతికింది, ఆ హల్లరు జనం ఇళ్ళల్లో దాచుకున్న ధాన్యం మీద బతికింది. ధాన్యం ఇంటికి రావడం మానేశాక మిగతాదంతా ఒకదాని తర్వాత ఒకటి జరిగిపోయింది. ఇది అర్థం కావాలంటే కాస్త వెనక్కెళ్ళాలి, ఓపిగ్గా చదవండి.

ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడని చిన్నప్పుడు అందరం చదువుకున్నాం. ఆ నీళ్ళు తూర్పు డెల్టాకి, మధ్య డెల్టాకి అంటే మా కోనసీమకి, పడమటి డెల్టాకి మూడు దారుల్లో వెళ్తాయి, ఇవాళ బ్యారేజీ కింద ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు. ఆ కాలవలు పొలానికి నీళ్ళు పెట్టడానికే కాదు, పడవలు నడవడానికీ తవ్వినవి. రోడ్లు సరిగ్గా లేని రోజుల్లో ధాన్యం పడవల మీదే వెళ్ళేది, అందుకే పాత రైసు మిల్లులు చూడండి, ఎక్కువ కాలవగట్టునే ఉంటాయి. మాదీ కాలవగట్టే, రావులపాలెం నించి అమలాపురం వెళ్ళే దారిలో కాస్త లోపలికి. పడవలు ఆగిపోయి దశాబ్దాలైంది, రేవు మెట్లు మాత్రం ఉన్నాయి, వేసవిలో కాలవ కట్టేసినప్పుడు కింది మెట్లు కూడా బయటపడతాయి.

ఇక్కడే ఒక తేడా తెలియాలి. మిల్లు అనగానే చాలామంది ఒకటే అనుకుంటారు, నిజానికి రెండు రకాల వ్యాపారాలు. ఒకటి, రైతు దగ్గర ధాన్యం కొని, ఆడించి, బియ్యం అమ్ముకునే పెద్ద మిల్లు. మండపేట, తణుకు, తాడేపల్లిగూడెం వైపు మీరు చూసేవి అవే. రెండోది కూలి మర. ధాన్యం మాది కాదు, మీది. మీరు బస్తా తెస్తే ఆడించి మీ బియ్యం మీకే ఇస్తాం, కూలి తీసుకుంటాం. పెద్ద మిల్లుకి పెట్టుబడి కావాలి, గోడౌన్ కావాలి, ధర పడిపోతే తట్టుకునే దమ్ము కావాలి. కూలి మరకి కావలసింది ఇంజను, హల్లరు, ఊళ్ళో మంచి పేరు. మా తాతగారి దగ్గర డబ్బు లేదు కాబట్టి రెండోది పెట్టారు.

దానికి ముందు ఇళ్ళల్లో దంపుడే. ఆడవాళ్ళు తెల్లారకుండా లేచి రోకళ్ళు పట్టేవారు, మా మామ్మ తనకి పెళ్ళైన కొత్తలో రోజూ దంచేదాన్నని చెప్పేది, అరచేతుల్లో కాయలు చూపించేది. సువ్వి పాటలు ఎంత బాగుంటాయో అందరూ అంటారు గానీ ఆ పాట నడిచినంతసేపూ భుజాలు ఎంత నొప్పెట్టేవో మామ్మ చెప్తుంటే వినాలి. ఊళ్ళోకి హల్లరు వచ్చిందంటే ముందుగా సంతోషించింది ఆవిడే.

హల్లరు అనేది చాలా సింపుల్ మిషను. దాన్ని 1880ల్లో బ్రెజిల్లో ఎంగెల్‌బర్గ్ అనే ఆయన కాఫీ గింజల కోసం, బియ్యం కోసం కనిపెట్టాడు, అందుకే పాత పుస్తకాల్లో ఎంగెల్‌బర్గ్ హల్లరు అని ఉంటుంది. గాళ్ళున్న ఇనప రోలరు ఒక గొట్టంలో తిరుగుతుంటుంది, పక్కన ఒక బ్లేడు, కింద జల్లెడ రేకు. పైనుంచి ధాన్యం పోస్తే రోలరుకీ బ్లేడుకీ మధ్య గింజకి గింజే ఒరుసుకుని పొట్టూడిపోతుంది, అదే దెబ్బకి పాలిష్ కూడా అయిపోతుంది. ఇబ్బందేంటంటే ఊకా తవుడూ విడివిడిగా రావు, కలిసిపోయి చిట్టులా వస్తాయి, నూకలు కూడా ఎక్కువే. మన దగ్గర ధాన్యం బస్తా అంటే 75 కిలోలు కదా, రబ్బరు రోలరున్న ఇప్పటి మిల్లులో 67 శాతం లెక్కన 50 కిలోల బియ్యం రావాలి, పాత హల్లరు మీద 45 వస్తే బాగా వచ్చినట్టే. ఆ ఐదు కిలోలు ఎక్కడికి పోయాయంటే చిట్టులోకి.

మా ఇల్లు నడిచింది ఆ చిట్టు మీదే. ఇది బయటివాళ్ళకి అస్సలు తెలియదు. కూలి తక్కువ తీసుకునేవాళ్ళం, బదులుగా చిట్టు మేం ఉంచుకునేవాళ్ళం, పాడి ఉన్నవాళ్ళు వచ్చి గోనెల్లో పట్టుకెళ్ళేవారు. గేదెలకి చిట్టు కలిపిన కుడితి పెడతారు కదా, ఊళ్ళో ఎన్ని గేదెలుంటే మాకు అంత గిరాకీ. తాతగారి పుస్తకంలో కూలి డబ్బులు ఒక పక్క, చిట్టు డబ్బులు ఒక పక్క రాసుండేవి, చాలా నెలల్లో చిట్టు పక్కే బరువు. పిండి రాళ్ళు అదే ఇంజనుకి ఇంకో బెల్టు తగిలించి నడిపేవి, పిండి మీద వచ్చేది చిల్లర ఖర్చులకి. అంటే ఇంజను ఆయిలు, మనిషి జీతం అన్నీ హల్లరు మోస్తుంటే పిండి మర ఉచితంగా దాని నీడలో కూర్చుంది.

ఇంజనంటే మొదట రస్టన్ ఆయిల్ ఇంజను, దాని డుగ్ డుగ్ చప్పుడు విని మర తీశారని ఊరంతటికీ తెలిసేదట. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో కరెంటు ఉత్పత్తి మొదలయ్యాక కోస్తా ఊళ్ళకి మెల్లగా లైన్లు వచ్చాయి, మా ఊరికి కొన్నేళ్ళు ఆలస్యంగా వచ్చింది, ఇంజను తీసి మోటారు పెట్టారు. ఆ రోజు మామ్మ కొబ్బరికాయ కొట్టిందట, ఇంజను పొగ బట్టల మీద పడదని.

ప్రభుత్వం మాత్రం హల్లరుని అనుమానంగా చూసేది, దానికి కారణాలున్నాయి. 1920ల్లో మెకారిసన్ అనే డాక్టరు కూనూరులో పరిశోధన చేసి, ఉత్తర సర్కారు జిల్లాల్లో అంటే మన వైపు బెరిబెరి జబ్బు ఎందుకుందో చూశాడు, బాగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తినడానికీ దీనికీ సంబంధం ఉందని తేలింది, తవుడుతో పాటు బి1 విటమిన్ పోతుంది కాబట్టి. ఉప్పుడు బియ్యం తినేవాళ్ళకి ఆ బాధ తక్కువ, ధాన్యాన్ని ఉడికించేటప్పుడు విటమిన్ గింజ లోపలికి దిగుతుంది, మనకేమో ఉప్పుడు బియ్యం నోటికి ఎక్కదు. ఇంకో వైపు దంపుడు మీద బతికే కూలి ఆడవాళ్ళ పని పోతుందన్న బాధ. 1958లో రైసు మిల్లుల నియంత్రణ చట్టం వచ్చింది, కొత్త మిల్లు పెట్టాలంటే పర్మిట్, నడపాలంటే లైసెన్సు, పర్మిట్ ఇచ్చే ముందు ఆ చుట్టుపక్కల జనానికి పని పోతుందా అని కూడా చూడాలి. ఈ చట్టం 1997 దాకా ఉంది. నేను దాన్ని తప్పు పట్టను, దంచే చేతుల గురించి ఆలోచించిన చట్టం అది. కాకపోతే దాని వల్ల జరిగింది ఇంకోటి, లైసెన్సు ఉన్న పాత మర ఒక ఆస్తి అయిపోయింది, కొత్తవాళ్ళు సులువుగా పెట్టలేరు కాబట్టి మా లాంటివాళ్ళకి పోటీ లేదు, పోటీ లేదు కాబట్టి మిషన్లు మార్చాలన్న తొందరా లేదు. ముప్ఫై ఏళ్ళు అదే హల్లరు.

ఇప్పుడు పిండి దగ్గరికి వస్తాను, నాకు ఇష్టమైన భాగం ఇదే.

పిండి మరలో రెండు రాళ్ళు ఎదురెదురుగా ఉంటాయి, ఒకటి కదలదు, ఒకటి తిరుగుతుంది. తొట్టిలోంచి గింజ రాయి నడిమధ్య కన్నంలో పడి, రాళ్ళ మీద కొట్టిన గాళ్ళ వెంట అంచుకి నెట్టుకుంటూ వస్తుంది, వచ్చేకొద్దీ సన్నమవుతుంది. పక్కన చక్రం తిప్పితే రాళ్ళు దగ్గరవుతాయి లేదా దూరమవుతాయి, పిండి బరకా మెత్తనా అన్నది ఆ చక్రం చేతిలో ఉంది. మా నాన్న ఎప్పుడూ చక్రం వైపు చూడరు. గొట్టం కింద చెయ్యి పెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి రాసి చూస్తారు, ఆ రాసేటప్పుడే వేడి ఎంతుందో కూడా తెలుస్తుంది, వేడెక్కితే రాయి అరిగిందని, గాళ్ళు పూడాయని అర్థం. అప్పుడు మర ఆపి, పై రాయి దింపి, ఉలితో కక్కు కొట్టాలి, అంటే గాళ్ళు మళ్ళీ చెక్కాలి. ఒక పూట పని, కళ్ళజోడు పెట్టుకోకపోతే రాతి రవ్వ కంట్లో పడుతుంది, మా బాబాయికి అలాగే ఒకసారి పడి ఆస్పత్రికి పరిగెత్తాం.

జనానికి ఎప్పుడూ ఉండే అనుమానం, పిండి తగ్గిందని. కిలో బియ్యం పోస్తే కిలో పిండి ఎందుకు రాలేదు అని. రెండు కారణాలు. బియ్యంలో తడి ఉంటుంది, రాళ్ళ వేడికి కొంత ఆవిరైపోతుంది. రెండోది, రాళ్ళ చుట్టూ ఉన్న గూట్లో కొంత పిండి నిలిచిపోతుంది, మీది మిగిలిపోతే మీ ముందొచ్చినవాళ్ళది మీకొస్తుంది, అలా సర్దుకుపోతుంది. కానీ అందరూ ఒకటే ఆడించుకోరు కదా, అందుకే వరస ముఖ్యం. పొద్దున్న బియ్యం, ఆ తర్వాత మినుములు, శనగపప్పు, ఆ తర్వాతే మిగతావి. మధ్యలో మారేటప్పుడు గుప్పెడు నూకలు పోసి రాయి కడుగుతాం, ఆ పిండి కోళ్ళకి వెళ్తుంది. కారానికి, పసుపుకి వేరే మిషను, రాళ్ళు లేని పల్వరైజరు, లోపల సుత్తుల్లాంటి ముక్కలు గిర్రున తిరిగి కొడతాయి. ఆవకాయ రోజుల్లో ఆవాలు తెస్తారు, ముందు బాగా ఎండబెట్టి చల్లార్చి తెమ్మంటాం, మిషన్లో వేడెక్కితే ఘాటు పోతుంది, నూనె దిగి ముద్ద కడుతుంది.

అసలు పరీక్ష సంక్రాంతి ముందు వారం. అరిసెల పిండి. ఇంటి నిండా మిక్సీలున్నా, షాపులో ప్యాకెట్టున్నా, అరిసెలకి మాత్రం బేసిన్లలో నానిన బియ్యం మీద తడి గుడ్డ కప్పుకుని మర దగ్గరికే వస్తారు, ఎందుకో తెలుసా? పొడి బియ్యం గట్టిగా ఉంటుంది, రాళ్ళ మధ్య బలంగా నలిగినప్పుడు అందులో ఉన్న పిండి రేణువులు, స్టార్చ్ అంటాం చూడండి, అవి పగిలి దెబ్బతింటాయి. దెబ్బతిన్న స్టార్చ్ నీళ్ళు గబగబా పీల్చేస్తుంది, అలాంటి పిండి పాకంలో వేస్తే పాకం లాగేసి ముద్ద బిగుసుకుంటుంది, అరిసె గట్టిపడుతుంది. నానిన బియ్యం మెత్తబడి ఉంటుంది కాబట్టి నలిగినా రేణువులు పెద్దగా పగలకుండా విడివిడిగా రాలతాయి. మామ్మకి స్టార్చ్ అన్న మాట తెలియదు, "తడి ఆరకుండా పాకంలో పడాలే అమ్మాయ్" అనేది, అదే మాట. తడి పిండి రాళ్ళకి అంటుకుంటుంది కాబట్టి మేం దానికి వేరే మర పెట్టుకున్నాం, రాళ్ళు కాస్త వదులుగా ఉంటాయి. ఆ వారం రాత్రి పదకొండు దాకా తీసే ఉంటుంది, వరండాలో బేసిన్ల వరస, ఎవరి గుడ్డ ఏదో గుర్తుపెట్టుకుంటూ, "ఆయ్, మీదయ్యాక మాదేనండి, ఇంటికెళ్ళి పాకం పెట్టించేస్తాను" అంటూ, ఇంట్లో పాకం పొయ్యి మీద ఉంటే ఇక్కడ పది నిమిషాలు కరెంటు పోయిందంటే ఎంత కంగారో.

జంతికలకి పొడి పిండి చాలు, సున్నుండలకి వేయించిన మినుములు కాస్త బరకగా ఉండాలి, మరీ మెత్తనైతే నోట్లో అంగిట్లో అతుక్కుంటుంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ, అంటే ఫలానా ఊరిదన్న భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ రేకులు తీసే పిండి మాత్రం మర పిండి కాదు, నానబెట్టి రుబ్బిన పల్చటి జావ, అందుకే అది మర కథలోకి రాదు. అందరూ కలిపేస్తుంటారు కాబట్టి చెప్తున్నాను.

రాళ్ళ గురించి ఇంకో మాట. ఇప్పటి మర రాళ్ళు కొండరాయి కాదు, ఎమరీ అనే గట్టి రాతి గింజల్ని మెగ్నీషియం సిమెంటుతో పోత పోసినవి. ఆ సిమెంటుకి నీళ్ళంటే పడదు. 1986 ఆగస్టులో గోదారికి వచ్చిన వరద మా తరం పెద్దలు ఎవరూ మర్చిపోరు, గట్లు తెగి కోనసీమ లంకలు, ఊళ్ళు మునిగిపోయాయి. మా మరలోకి నడుము లోతు నీళ్ళొచ్చి మూడు రోజులున్నాయి. నీళ్ళు తీశాక మోటారు విప్పి ఎండబెట్టించి మళ్ళీ చుట్టించారు, అది బతికింది. రాళ్ళు చూడటానికి బానే ఉన్నాయి, ఆరబెట్టి బిగించి ఆడిస్తే మొదటి బస్తాలోనే పిండిలో ఇసక తగిలింది, రాయి పైపొర వేలితో గీస్తే రాలిపోతోంది. ఆ పిండంతా తాతగారు వెనక్కి తీసుకుని, ఎవరి బియ్యం వాళ్ళకి ఇంట్లోంచి కొలిచి ఇచ్చారు. వరదలో అందరివీ గాదెలు తడిసిపోయిన రోజులవి, ఇంట్లో మిగిలిన పొడి బియ్యం అదే. దీని గురించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు, పుస్తకంలో పేర్లూ కొలతలూ ఉంటే నాకు తెలిసింది.

సరే, హల్లరు ఎందుకు పడిపోయింది. ఒకటే కారణం చెప్పమంటే చెప్పలేను, నాలుగైదు పేటలున్న తాడు ఇది.

మొదటి పేట కూలి. కోతలకి, నూర్పిడికి కూలి ధాన్యంగా ఇచ్చేవారు. ఆ ధాన్యం పట్టుకుని కూలి చేసుకునేవాళ్ళు పదీ ఇరవై కిలోలు తెచ్చి ఆడించుకునేవారు, మా హల్లరుకి రోజువారీ గిరాకీ వాళ్ళే, పెద్ద రైతులు కాదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చింది, పేదింట్లో పొయ్యి వెలిగించిన పథకం అది, మా మరకి మాత్రం గింజ రావడం తగ్గింది, ఎందుకంటే అది ఆడించిన బియ్యమే. కూలి కూడా మెల్లగా డబ్బుల్లోకి మారింది. మామ్మ ఈ మాటెత్తితే, "మన గిరాకీ పోతే పోయింది, వాళ్ళ పిల్లలు రెండు పూటలా తిన్నారు" అనేది. నేనూ అదే అంటాను.

రెండో పేట వంగడాలు, అమ్మకం. మారుటేరు వరి పరిశోధనా కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ (ఎంటీయూ 7029) రకం, డెల్టాలో సార్వాకి అంటే వానాకాలం పంటకి ఊళ్ళకి ఊళ్ళు కమ్మేసింది, దిగుబడి పెరిగింది. దిగుబడి పెరిగితే గాదె నిండాలి కదా అనుకుంటాం, జరిగింది తిరగబడి. ఎక్కువ పండితే ఎక్కువ అమ్మాలి, అమ్మాల్సింది ఎక్కువైతే కళ్ళంలోనే అమ్మేయడం సులువు. కొనేది పెద్ద మిల్లు. పెద్ద మిల్లు తను కొని ఆడించిన దాంట్లోంచి ప్రభుత్వానికి లెవీ బియ్యం ఇవ్వాలి, అంటే ప్రభుత్వ ధరకి తప్పనిసరిగా అమ్మాలి, మన రాష్ట్రంలో అది 75 శాతం దాకా నడిచింది, భారత ఆహార సంస్థ ఎఫ్‌సీఐ తీసుకునేది. లెవీ అంటే భారం అనుకుంటాం, నిజానికి అది పెద్ద మిల్లుకి నమ్మకమైన కొనుగోలుదారు కూడా, ఎంత ఆడించినా ముప్పావు వంతు అమ్ముడుపోతుందని ధైర్యం, ఆ ధైర్యంతో బ్యాంకు అప్పు, అప్పుతో రబ్బరు రోలర్లు, పాలిషర్లు, తర్వాత రంగు గింజ ఏరేసే సార్టెక్స్. కేంద్రం లెవీని 2014లో 25 శాతానికి దించి 2015 అక్టోబరు నించి ఎత్తేసింది, అప్పటికి చిన్న మరకీ పెద్ద మిల్లుకీ మధ్య దూరం ఎవరూ దాటలేనంత అయిపోయింది. కూలి మర లెవీ కట్టలేదు, ధాన్యం మాది కాదు కాబట్టి. కట్టలేదు కాబట్టి ఆ ధైర్యమూ మాకు దక్కలేదు.

మూడోది కోత మిషను. చేత్తో కోసి, పనలు ఆరబెట్టి, కుప్పేసి, నెల తర్వాత నూర్చే రోజుల్లో ధాన్యం ఎండి ఇంటికొచ్చేది, గడ్డి వెంటితో పురి కట్టుకునేవారు, గాదెలో పోసుకునేవారు. మిషను కోస్తే ధాన్యం పచ్చిగా ట్రాక్టర్లో పడుతుంది. కొనుగోలుకి తేమ 17 శాతం దాటకూడదు, ఇంట్లో నిల్వ పెట్టాలంటే ఇంకా ఎండాలి, ఆరబెట్టే కళ్ళాలు లేవు, తుపాను సీజను నెత్తిమీద ఉంటుంది, రోడ్డు మీద బరకాలేసి ఆరబెట్టడం మీరు చూసే ఉంటారు. రైతు అయినకాడికి అమ్మేసి, తిండికి సన్నబియ్యం బస్తా కొనుక్కుంటున్నాడు. గోదారి జిల్లా రైతు బియ్యం కొనుక్కు తింటున్నాడని తాతగారికి చెప్తే నమ్మేవారు కాదు. ఇంక 2011లో కోనసీమలో రైతులు పంట విరామం ప్రకటించారు, గిట్టట్లేదని ఒక సార్వా నాట్లే వెయ్యలేదు, భీమవరం వైపు పొలాలు చేపల చెరువులయ్యాయి, ఇవన్నీ కూడా అదే తాడులో పేటలే. గాదె ఖాళీ. ఊళ్ళో గాదెలున్న ఇళ్ళు ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, అవీ కొబ్బరికాయలు పోసుకోడానికి. గేదెలు కూడా తగ్గాయి, చిట్టు అడిగేవాళ్ళూ తగ్గారు.

మరి మేం కూడా మార్చుకోవచ్చు కదా అంటారు. 1990ల్లో నాన్న, బాబాయి రబ్బరు రోలరు మిల్లు పెడదామనుకున్నారు, ఒక బ్యాంకుకి వెళ్ళారు. బ్యాంకు అడిగింది స్థలం కాగితాలు. ఇక్కడ కుటుంబ వ్యాపారం అసలు చిక్కు మొదలవుతుంది. స్థలం పిత్రార్జితం, లైసెన్సు తాతగారి పేర, కరెంటు మీటరు పోయిన పెద్దతాతగారి పేర. మన రాష్ట్రంలో ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నించి అమల్లోకొచ్చింది, ఆ రోజుకి పెళ్ళికానివాళ్ళకే. మా పెద్దత్తకి అంతకు ముందే పెళ్ళైంది, చిన్నత్తకి ఆ తర్వాత. అంటే అప్పటి చట్టం ప్రకారం ఒక అత్తకి హక్కుండేది, ఇంకో అత్తకి లేదు, ఒకే ఇంట్లో. బ్యాంకు చిన్నత్త సంతకం అడిగితే, పెద్దత్త నన్ను వేరుగా చూస్తారా అని ఏడ్చింది, తాతగారు ఇద్దరికీ సమానంగా ఇస్తేనే ముందుకెళ్దామన్నారు, పెద్దతాతగారి పిల్లలు తమ వాటా తేల్చమన్నారు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, ఎవరి మాటా అన్యాయం కాదు. తేలేసరికి ఏడేళ్ళు, అప్పటికి చుట్టుపక్కల రెండు పెద్ద మిల్లులొచ్చేశాయి. కుటుంబ మరలు ఎందుకు పెరగలేదంటే చాలామంది తెలివిలేక అంటారు, నాకు ఆ మాట వింటే బాధేస్తుంది. పది మంది సంతకాలు కావాల్సిన అప్పుకి పది మంది మనసులు కూడా కావాలి.

పిండి మర మిగిలింది ఎందుకంటే దానికి అప్పు అక్కర్లేదు. పది హార్స్‌పవర్ మోటారు, రెండు జతల రాళ్ళు, ఒక పల్వరైజరు. కానీ ఇప్పుడు కరెంటు, మనిషి జీతం, అన్నీ అదే మొయ్యాలి, నీడనిచ్చే హల్లరు లేదు. ప్యాకెట్ పిండితో పోటీ గురించి అడుగుతారు. 2022 జులై 18 నించి లేబులేసి ప్యాక్ చేసిన పిండికి బ్రాండు లేకపోయినా 5 శాతం జీఎస్టీ పడింది, విడిగా తూచి ఇచ్చే పిండికి లేదు, అది కొంత మాకు మేలే. అసలు మేలు మాత్రం షుగరు జబ్బు చేసింది, చెప్పడానికి బాధగానే ఉంది. రాత్రి చపాతీ తినేవాళ్ళు పెరిగారు, గోధుమలు కొని ఆడించుకుంటున్నారు, పొట్టుతో సహా కావాలని. చోళ్ళు అంటే రాగులు, జొన్నలు తెస్తున్నారు. మా చిన్నప్పుడు చోడి పిండి అంటే పేదవాళ్ళ అంబలి, ఇప్పుడు కారులో వచ్చి ఆడించుకెళ్తున్నారు. ఇవన్నీ ఊళ్ళో పండినవి కాదు, షాపులో కొన్నవి. గింజ ఊళ్ళోది కాకపోయినా, తన కళ్ళముందు తన గింజే పిండి కావాలన్న పట్టుదల మాత్రం పాతదే, మర దాని మీదే నడుస్తోంది.

ఈ ఏడాది తమ్ముడు నడుపుతున్నాడు. కిందటి నెల రాళ్ళు మార్చాడు, కొత్త రాయి మొదటి రోజు ఇసక వదులుతుంది, అందుకని రెండు బస్తాల నూకలు ఆడించి పారబోశాక గానీ ఎవరివీ పొయ్యలేదు. మీటరు పేరు మార్పించడం ఇంకా అవలేదు, ఇద్దరు అత్తల సంతకాలూ వచ్చాయి, పెద్దతాతగారి పిల్లల్లో హైదరాబాదులో ఉన్నాయన ఒక్కడిదే రావాలి, సంక్రాంతికి వస్తానన్నాడు, అరిసెల పిండి కూడా అప్పుడే పట్టుకెళ్తానన్నాడు.